పాత మోటార్లు తూకానికి వేసే ముందు ఒక మాట

పోయిన వారం మా షెడ్డులో తెల్ల ప్లేట్లు కోస్తున్న మిషను ఫోటో పెట్టినా. ఆ పొద్దు నుంచి ఫోన్లే ఫోన్లు. "అన్నా, అది యాడ కొన్నావు? ఎంత పడింది? సబ్సిడీ ఏమన్నా ఉందా?" అని. ఒక్కొక్కరికీ చెప్పలేక ఈడ రాస్తాండా. రొంత పొడుగైతుంది, మజ్జిగ తాగి తీరిగ్గా చదవండి.

ముందు అడిగిన వాటికి జవాబు. అది కొన్నది కాదు, చేసుకున్నది. సబ్సిడీ లేదు. దాన్ని కదిలించే మూడు మోటార్లలో రెండు, టౌన్లో మూతపడిన జిమ్ములో జనం ఒళ్లు తగ్గడానికి పరుగెత్తిన ట్రెడ్‌మిల్లులవి. మూడోది బెంగళూరు గుజరీ అంగట్లో కాటా మీద పెట్టి కిలోల లెక్కన ఇచ్చింది. మూడూ కొలిమికి పోవాల్సిన సరుకే. ఇప్పుడు మూడూ కలిసి శెనక్కాయ ప్లాంటరు ప్లేట్లు కోస్తాండాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తర్వాత కొట్లాడుకుందాం. పాతబడిన మోటార్లన్నీ ఒకటి కాదు. కొన్ని నిజంగానే వట్టి రాగి, ఇనుము. కొన్నింటి లోపల మాత్రం అయస్కాంతం ఇంకా బతికే ఉంటుంది. వాటికి ఒక కన్ను, ఒక బుర్ర తగిలిస్తే చెప్పిన చోటికి పోయి చెప్పినంతసేపు నిలబడతాయి. అట్లాంటి మోటార్లతో చేసిన మిషను మండలానికి ఒకటన్నా రైతుల చేతిలో ఉండాల. ఇంటింటికీ ఉండాలని నేను అనను. వీడియోల్లో చూపించినంత సులువు అని అసలే అనను.

ఎందుకు ఉండాలంటే, రెండేళ్ల కిందటి జులై చెప్పాల.

మా అనంతపురం దిక్కు ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు అటూఇటూ. అందులో విత్తడానికి పనికొచ్చే పదును ఒకటో రెండో వస్తాయి. ఎర్రనేల. పదును నాలుగు రోజులు నిలిస్తే ఎక్కువ. ఆ ఏడు మంచి వాన పడింది. తెల్లారగానే ట్రాక్టరుకు ప్లాంటరు తగిలించి చేన్లో దిగినా. రెండు సాళ్లు పోయి దిగి చూస్తే ఒక సాలులో ఒకచోట మూడేసి గింజలు, ఇంకోచోట బెత్తెడు, మూరెడు ఖాళీ. విత్తనాల పెట్టె తీసి చూస్తే లోపల తిరిగే ప్లేటు అంచు విరిగింది. రెండు గుంతలు కలిసి ఒకటయినాయి.

అరచేయంత ప్లేటు అది. కొన్న అంగడికి ఫోన్ చేస్తే ఎనిమిది రోజులు అన్నారు. ఇంకో చోట జొన్న ప్లేట్లు ఉండాయి, శెనక్కాయవి లేవు. మూడో చోట ఉంది గానీ గుంత పెద్దది, గింజలు రెండేసి పట్టుకుంటాంది. నాలుగు రోజులు తిరిగినా. అయిదో రోజుకు పదును పోయింది. ఆరెకరాలు విరిగిన ప్లేటుతోనే కొంత, మనుషులతో గొర్రు తోలి కొంత, ఎట్లనో ముగించినా.

లెక్క వేసుకోండి. సాలుకు సాలు 30 సెంటీమీటర్లు, గింజకు గింజ 10 సెంటీమీటర్లు అంటే ఎకరాకు దాదాపు 1,35,000 మొక్కలు. పదింట ఒకటి ఖాళీ అయినా 13,500 మొక్కలు లేనట్టే. ఎరువు వేసినా, కలుపు తీసినా ఆ ఖాళీకి కూడా ఖర్చు పెడతాం. ఆ ఏడు నా చేన్లో ఖాళీ పదింట ఒకటి కాదు, అంతకంటే శానా ఎక్కువ.

ఆ నెలాఖరుకు మా అక్క కొడుకు ఊరికొచ్చినాడు. ఐటీఐ ఫిట్టరు చదివి, బెంగళూరు పీణ్యలో సీఎన్‌సీ మిషను మీద పనిచేస్తాడు. విరిగిన ప్లేటు చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పి, "మామా, ఇది మా మిషను మీద పది నిమిషాల పని" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "అయితే నీ మిషను ఊరికి తేరా" అన్నా. నవ్వినాడు. రాత్రి భోంచేసేటప్పుడు మాత్రం నవ్వకుండా, "తేవొచ్చు మామా, చిన్నది" అన్నాడు.

సీఎన్‌సీ అంటే తెలియనోళ్లకు ఒక్క ముక్క. కోసే ఉలిని మనిషి చేత్తో కాకుండా కంప్యూటరు ఇచ్చే అంకెల ప్రకారం ముందుకు వెనక్కు, కుడికి ఎడమకు, పైకి కిందికి మోటార్లు నడిపించడం. 1952లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు ఇట్లాంటి మొదటి మిషను చూపించినప్పుడు దానికి డబ్బు పెట్టింది వాళ్ల వైమానిక దళం. విమానాలకు మొదలైంది శెనక్కాయకు వచ్చిందంటే మనకేం చిన్నతనం?

ఇంక మోటారు సంగతి. బోరు మోటారు ఆన్ చేస్తే తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో దానికి తెలీదు, మనకూ అక్కర్లేదు, నీళ్లు వస్తే చాలు. మిషనులో అట్ల కుదరదు. చుట్టులో నూరో వంతు తిరిగి ఆగమంటే అక్కడే ఆగాల. దీనికి రెండు దారులు ఉండాయి.

ఒకటి స్టెప్పర్ మోటారు. చుట్టుకు 200 అడుగులు వేసేది. డ్రైవు ఎన్ని అడుగులు వెయ్యమంటే అన్ని వేస్తుంది. చౌక, సులువు. కానీ కళ్లకు గంత కట్టిన మనిషి లెక్కపెట్టుకుంటూ నడిచినట్టు. మధ్యలో ఎవరన్నా తోసి రెండడుగులు తప్పించినా వాడికి తెలీదు, మిగతా అడుగులు నమ్మకంగా వేసి తప్పు గడపలో నిలబడతాడు. మేం మొదట చిన్న స్టెప్పర్లతోనే మొదలుపెట్టినాం. 14 గుంతల ప్లేటు కోస్తుంటే పదకొండో గుంత దగ్గర ఉలి గట్టిగా పట్టుకుని మోటారు అడుగులు తప్పింది. అక్కడి నుంచి అన్నీ మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయినాయి. మిషనుకు ఆ సంగతే తెలీదు. పని బాగా అయిపోయిందని ఆగి, లైటు వెలిగించింది.

రెండోది సర్వో. శానామంది సర్వో అంటే ఒక రకం మోటారు అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నా. అది ఒక పద్ధతి. మోటారు తోకకు ఎన్‌కోడర్ అని ఒక కన్ను ఉంటుంది, ఎంత తిరిగిందో క్షణక్షణం చెప్తాది. డ్రైవు అనే బుర్ర, ఉండాల్సిన చోటు ఇది, ఉన్న చోటు ఇది, తేడా ఇంత అని చూసి, తేడా పోయేదాకా మోటారును తోస్తుంది. ఉలి ఇరుక్కుంటే ఇంకా గట్టిగా తోస్తుంది. తోసినా పోకుంటే, తప్పు జరిగిందని ఆగిపోతుంది. స్టెప్పరుకు సిగ్గు లేదు, దీనికి ఉంది. నాకు నచ్చింది అదే.

అందుకే పాత మోటారు పనికొస్తుంది. మోటారు ఏ కంపెనీది అనే పట్టింపు తక్కువ. కన్ను పెట్టే వీలుందా, రెండు దిక్కులా తిరుగుతుందా, లోపల అయస్కాంతం గట్టిగా ఉందా. ఇవి చూడాల.

ముందు పనికిరానివి చెప్తా. కాలిపోయిన సబ్‌మెర్సిబుల్, మోనోబ్లాకు, ఫ్యాను మోటార్లు వద్దు. వాటిలో శాశ్వత అయస్కాంతం ఉండదు, మన పద్ధతికి లొంగవు. రాగి రేటు చూసుకుని అమ్ముకోండి, నేనేమీ అనను. మిక్సీ మోటారూ అంతే. లారీ వైపరు మోటారు చూసి కొందరు ఆశపడతారు. అయస్కాంతం ఉంటుంది గానీ లోపల మరచుట్టు పళ్ల గేరు ఉంటుంది, దాంట్లో వదులు ఉంటుంది, పైగా శానావాటికి బాడీనే ఒక వైరు. గేటు తీయడానికి, మేత తోయడానికి వాడుకోండి. కోతకు వద్దు.

పనికొచ్చేది పట్టుకోడానికి ఒక చిన్న పరీక్ష. రెండు వైర్లున్న డీసీ మోటారు దొరికితే షాఫ్టు చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరుగుతుంది. ఇప్పుడు ఆ రెండు వైర్లనూ ఒకదానికొకటి కలిపి మళ్లీ తిప్పండి. మొరాయించిన ఎద్దు మాదిరి బిగుసుకుంటే లోపల అయస్కాంతం బాగుంది. తేడా తెలియకపోతే దానికి అయస్కాంతం లేదన్నా అయ్యుండాల, కార్బన్లు అరిగిపోయినా ఉండాల. కార్బన్లు మార్చొచ్చు, కాబట్టి వాటిని విప్పి చూడకుండా పారేయొద్దు. ఇట్లాంటివి రెండు మోటార్లు ఉంటే వాటి వైర్లు కలిపి ఒకటి చేత్తో గట్టిగా తిప్పండి, రెండోది దానంతట అది కదులుతుంది. మా వీధి పిల్లోళ్లు అర్ధదినం దాంతోనే ఆడుకున్నారు.

ట్రెడ్‌మిల్లు మోటారు ఈ పరీక్షలో గెలుస్తుంది. దాని మీద రాసిన హెచ్‌పీ అంకెను మాత్రం నమ్మొద్దు, అది అమ్ముకోడానికి రాసింది. వోల్టులు, ఆర్‌పీఎం చూడండి. మాకు దొరికిన దాని మీద 180 వోల్టులు, 4,000 ఆర్‌పీఎం అని ఉంది. ఈ రకం మోటారుకు వోల్టు పెరిగితే వేగం పెరుగుతుంది, ఆంపియరు పెరిగితే బలం పెరుగుతుంది. మేం ఇచ్చేది 48 వోల్టులే. అంటే వేగం 1,050 చుట్ల దగ్గర ఆగుతుంది. 5 మిల్లీమీటర్ల మర ఉన్న బాల్ స్క్రూకు నేరుగా తగిలిస్తే నిమిషానికి 5 మీటర్లు. మనకు అంత కూడా అక్కర్లేదు. బలం లెక్క కూడా ఆ ప్లేటు మీది అంకెల్లోనే ఉంది. 180ని 4,000తో భాగించి 9.55తో గుణిస్తే ఆంపియరుకు ఎన్ని న్యూటన్ మీటర్లో వస్తుంది. మా దానికి 0.43. అయిదు ఆంపియర్లు తాగితే రెండు న్యూటన్ మీటర్ల పైన. మీడియం స్టెప్పరు నిలబడినప్పుడు ఇచ్చే బలం ఇంచుమించు అంతే, కానీ దానికి వేగం పెరిగేకొద్దీ బలం జారిపోతుంది. దీనికి అట్ల జారదు.

ట్రెడ్‌మిల్లు మోటారుతో రెండు తంటాలు. దాని ముక్కుకు ఒక బరువైన చక్రం ఉంటుంది. శానావాటికి అది ఎడమ మర. మోటారు ఒకే దిక్కున తిరిగేటప్పుడు బిగుస్తుంది, సర్వోగా ఎదురు తిప్పితే ఊడొస్తుంది. పైగా ఆ బరువుతో టక్కున ఆగడం, టక్కున కదలడం కుదరదు. తీసేయాల్సిందే. తీసేస్తే గాలి ఇచ్చే రెక్కలు కూడా దాంతోపాటే పోతాయి, మోటారు వేడెక్కుతుంది. కంప్యూటరు ఫ్యాను ఒకటి పక్కన పెట్టినాం. రెండోది, మోటారు బరువు. మా రెండడుగుల బల్లకు అది ఎద్దులబండికి లారీ ఇంజను పెట్టినట్టే. అందుకని పైదూలం కదలకుండా కట్టేసి, కింద బల్ల కదిలేటట్టు చేసినాం. మోటార్లు రెండూ ఉన్నచోటే ఉంటాయి, ఆ బరువు ఎవరూ మోయాల్సిన పని లేదు.

ఎలక్ట్రిక్ స్కూటరు చక్రంలోని మోటారు గురించి కూడా అడిగినారు. అయస్కాంతాలు బలమైనవే, మెల్లగా తిరుగుతూ గట్టిగా లాగుతాయి. కానీ వాటికి మూడు వైర్లు, డ్రైవు వేరే రకం కావాల. లోపల ఉండే హాల్ సెన్సర్లు కన్నుగా చాలవు. హోవర్‌బోర్డు చక్రాల్లో 15 జతల ధ్రువాలుంటాయి, సెన్సర్లు చెప్పేది చుట్టుకు 90 గుర్తులే. మన పనికి వేలల్లో కావాల.

ఫ్యాక్టరీ గుజరీలో అసలు సర్వో మోటార్లే దొరుకుతాయి. మా మూడోది అట్లాంటిదే, పాతకాలం కార్బన్ల డీసీ సర్వో, తోకకు ఎన్‌కోడర్ కూడా ఉండింది. అదృష్టం. కొత్తకాలం వాటి ఎన్‌కోడర్ వాళ్ల సొంత డ్రైవుతోనే మాట్లాడుతుంది, ఇంకొకరితో మాట్లాడదు. డ్రైవు లేకుండా మోటారు ఒక్కటే కొంటే ఇంట్లో బరువు తప్ప ఏం లేదు. ఇంకో సంగతి, పాత డీసీ సర్వోల్లో కొన్నింటికి ఆల్నికో అయస్కాంతాలు ఉంటాయి. శుభ్రం చేద్దామని లోపలి రోటరును బయటికి లాగితే అయస్కాంతం బలం తగ్గిపోతుంది. అది మళ్లీ రాదు. చెయ్యి దురద పెడితే వేరేది విప్పుకోండి.

ట్రెడ్‌మిల్లు మోటార్లకు కన్ను మేమే పెట్టినాం. షాఫ్టు తోకన చిన్న గుండ్రటి అయస్కాంతం అంటించి, దాని ఎదురుగా ఏఎస్5047పీ అనే చిప్పు ఉన్న బోర్డు బిగించడమే. అయస్కాంతం నడిమధ్యన లేకపోతే చూపు వంకర పోతుంది, అంతే జాగ్రత్త. అది చుట్టుకు 1,000 గీతల ఎన్‌కోడర్ మాదిరి ఏ, బీ అని రెండు సంకేతాలు ఇస్తుంది. రెండెందుకంటే, ఏ ముందొస్తే ఒక దిక్కు, బీ ముందొస్తే ఇంకో దిక్కు. రెండింటి అంచులూ లెక్కపెడితే చుట్టుకు 4,000 గుర్తులు. 5 మిల్లీమీటర్ల మర మీద ఒక్కో గుర్తు 0.00125 మిల్లీమీటరు. ఇది కాగితం మీద లెక్క. మర అరుగుదల, బల్ల వణుకు అన్నీ కలిపితే నిజంగా వచ్చేది అంత ఉండదు. శెనక్కాయ గుంతకు 0.1 మిల్లీమీటరు చాలు, అది వస్తాంది.

అంకెలు పంపేది గర్బుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఆర్డునో ఊనో బోర్డు మీద. అది సెకనుకు 30,000 సంకేతాల దాకా పంపుతుంది. చుట్టుకు 4,000 అంటే సెకనుకు ఏడున్నర చుట్లు, నిమిషానికి రెండు మీటర్ల పైచిలుకు. అంతకంటే వేగం కావాలంటే పాత కంప్యూటరులో లినక్స్‌సీఎన్‌సీ వేసుకోవచ్చు, అదీ ఉచితమే.

ఇంక తిప్పలు. ఇవి చెప్పకుండా పై ముచ్చటంతా చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టే.

సర్వోకు బుర్ర కుదర్చడం, అంటే ట్యూనింగు, కొత్త ఎద్దును కాడికి అలవాటు చేసినట్టు. పగ్గం వదులుగా పట్టుకుంటే ఎద్దు వెనకబడుతుంది. ఊరికే గుంజితే అటు గుంజి ఇటు గుంజి సాలంతా పాము నడక. మోటారూ అంతే. తేడాకు తగ్గట్టు తోసే బలం తక్కువ పెడితే సోమరిగా వస్తుంది, ఎక్కువ పెడితే ఉన్నచోటే గజగజ వణికి అరుస్తుంది. ఆ వణుకును ఆపే బిగింపు ఒకటి, వాలు చేన్లో ఎద్దు ఒకపక్కకే జారితే మెల్లగా సరిచేసే ఓపిక ఇంకొకటి. మూడూ కుదరాల. రాత్రి పదకొండు గంటలకు మోటారు కేకలు పెడుతుంటే పక్కింటి పెద్దమ్మ లేచొచ్చి, "ఏమప్పా, పందిని కోస్తాండారా?" అని అడిగింది.

రెండోది. వేగంగా పోయే మోటారును ఆపినప్పుడు అది జనరేటరు అవుతుంది, కరెంటును వెనక్కి తోస్తుంది. మామూలు ఎస్‌ఎంపీఎస్ సప్లై దాన్ని మింగలేదు. మాది రెండు రోజులు ఊరికే ట్రిప్పయి, మూడో రోజు పేలింది. తర్వాత బరువైన ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద కెపాసిటర్లు పెట్టుకున్నాం. లేకుంటే మిగులు కరెంటును కాల్చేసే రెసిస్టరన్నా పెట్టాల.

మూడోది ఎలుక. నవ్వొద్దు. షెడ్డులో ఎలుక ఎన్‌కోడర్ వైరు కొరికింది. పొద్దున్నే స్విచ్చు వేసినా. కన్ను లేదు, మోటారు తిరుగుతున్నా బుర్రకు కదలనట్టే కనపడుతుంది, కాబట్టి ఇంకా తోస్తుంది, ఇంకా తోస్తుంది. బల్ల పోయి చివర గుద్దుకుంది, బాల్ స్క్రూ వంగింది. ఆ దోవలో నా చెయ్యి లేదు కాబట్టి ఈ పోస్టు రెండు చేతులతో టైపు చేస్తాండా. ఆ రోజు నుంచి వైర్లన్నీ ఇనుప గొట్టంలో పోతాయి. రెండు చివర్లా కరెంటు కోసేసే స్విచ్చులు, గుద్దితే ఆగే ఎర్ర బటను, తేడా ఒక హద్దు దాటితే డ్రైవు తనే ఆగిపోయే ఏర్పాటు. ఇవి లేకుండా ఎవరన్నా పాత మోటారుతో సర్వో నడిపితే నేను వాళ్ల షెడ్డులోకి రాను. ఇంకోటి, ట్రెడ్‌మిల్లుతో వచ్చే బోర్డును వాడొద్దు. శానా బోర్డులు ఇంటి కరెంటుతో నేరుగా కలిసి ఉంటాయి. మోటారు వైరు ముట్టుకుంటే మెయిన్ లైను ముట్టుకున్నట్టే.

ఇప్పుడు మా బామ్మర్ది వాదన. వాడిది ఎరువుల అంగడి, లెక్క గట్టిది. "బావా, పదకొండు నెలలు, 62,000 రూపాయలు, ఒక వంగిన స్క్రూ, మూడు కాలిన బోర్డులు. ఇంకొంచెం వేసుకుంటే పెద్ద స్టెప్పర్లతో తయారు మిషనే వచ్చేది. పాత మోటార్లతో నువ్వు మిగిలించింది ఏంది?"

వాడు చెప్పింది శానావరకు నిజం. ప్లేట్లు మాత్రమే కోసుకునేటోళ్లు, చిన్న బల్ల చాలనుకునేటోళ్లు పెద్ద స్టెప్పర్లు కొనుక్కోండి. పదకొండు నెలలు మీ చేన్లో పెట్టండి. పాత మోటారు చౌక అని నేను చెప్పను. మోటారు ఒక్కటే చౌక. డ్రైవు చౌక కాదు, స్క్రూ చౌక కాదు, మన పొద్దు అసలే చౌక కాదు.

అయినా నేను ఇదే దారి అంటాను. మొన్న మేలో ఒక మోటారు ఆగింది. ఫోన్లు చేయలేదు, ఎనిమిది రోజులు ఎదురుచూడలేదు. విప్పితే కార్బన్లు అరిగినాయి. గ్రైండరు కార్బన్లు తెచ్చి రాయి మీద నూరి సైజుకు దించి వేసినా, గంటలో నడిచింది. నేను పదో తరగతి. తయారు మిషనులో ఆ పెట్టె ఆగి ఉంటే దాన్ని బస్సెక్కించి పంపి, జులైలో మళ్లీ ఆకాశం దిక్కు, ఫోను దిక్కు చూస్తూ కూర్చునేటోణ్ణి. ప్లేటు కోసం డీలరు మీద ఆధారపడొద్దని మిషను చేసుకుని, మిషను కోసం ఇంకో డీలరు మీద ఆధారపడితే నాకు ఒరిగిందేమి?

ఇంకోటి కూడా ఉంది. మా అక్క కొడుకు పీణ్యకు తిరిగి పోయినాడు, పోవాల్సిందే, వాడి సంసారం వాడిది. వాడు పోతే మిషను మూలన పడుతుందని ఊర్లో పందేలు కట్టినారు. పడలేదు. పాలిటెక్నిక్ చదివే మా వీధి పాప డ్రాయింగులు గీస్తుంది, నేను బల్ల మీద షీటు బిగిస్తా, వెల్డింగ్ షాపు తమ్ముడు ఇనుప పని చూసుకుంటాడు. విప్పి చేసిన మిషను కాబట్టి ముగ్గురికీ దాని కడుపులో ఏముందో తెలుసు. కొని తెచ్చి పెట్టింటే ఒక్కడికే బటన్లు తెలిసుండేవి.

గ్రూపులు కట్టి కస్టమ్ హైరింగ్ కింద ట్రాక్టర్లు, రోటావేటర్లు తెచ్చుకున్నోళ్లకు ఒక సూచన. యంత్రం తెచ్చుకోడానికి అందరం ఒకటైతాం. దాంట్లో అరచేయంత ముక్క విరిగితే ఎవడి దారి వాడిది. ఆ ముక్క చేసే బల్ల కూడా గ్రూపు సొత్తుగా ఉండాలని నా పట్టు. కంపెనీ భాగాలన్నీ మనమే చేయలేం. గేర్లు, బేరింగులు మన వల్ల కాదు, ఆ మాట స్పష్టంగా చెప్తాండా. విత్తన ప్లేట్లు, స్ప్రాకెట్ల అచ్చులు, పంపు మూతల గ్యాస్కెట్లు, స్ప్రేయరు పట్టీలు, ఇంతవరకు అయితాయి. పదును పోకుండా కాపాడేవి కూడా ఎక్కువగా ఇవే.

పోయిన ఖరీఫులో మా ప్లేట్లతోనే విత్తినా. మా ప్లాంటరు నేల చక్రం 45 సెంటీమీటర్లు, చుట్టుకొలత 141. చక్రం ఒక చుట్టు తిరిగితే ప్లేటు ఒక చుట్టు. 14 గుంతలంటే గింజకు గింజ 10 సెంటీమీటర్లు. చక్రం జారితే రొంత ఎక్కువ పోతుంది, అది వేరే సంగతి. గుంత సైజు మాత్రం నేను కొన్న విత్తనానికే సరిపడా కోసినాం. చిన్నదైతే గింజ చిట్లుతుంది, ఎర్ర పొర లేచిన గింజ మొలవడం కష్టం. పెద్దదైతే జంటలు పడతాయి. మొలకలు వచ్చినాక నూరు చోట్ల కూర్చుని లెక్కపెట్టినా. ఏడు ఖాళీలు. అందులో రెండు పక్షులు పీకినవి.

జులై దగ్గరికొస్తాంది. ప్లేటు కావాల్సినోళ్లు పాత ప్లేటు ముక్కలైనా సరే తెచ్చుకోండి, నేల చక్రం చుట్టుకొలత టేపుతో కొలిచి రాసుకుని రండి. ఈసారి వేయబోయే విత్తనం గుప్పెడు తప్పకుండా తేవాల. ఫోనులో ఫోటో పంపితే గుంత కోయలేను. షీటు ఖర్చు ఇస్తే చాలు. ఆదివారం పగటిపూట రండి, కరెంటు నిలకడగా ఉంటుంది. ఇంట్లో మూలన పడిన ట్రెడ్‌మిల్లు ఉంటే మోటారు విప్పకుండా అట్లే తెండి, ఆ ఎడమ మర చక్రం ఎట్ల తీయాలో చూపిస్తా.